కక్ష్య అంకెలు చేత్తో ఎక్కిస్తే తోకచుక్క డిగ్రీ పక్కన కనబడుతోంది, వెలుగు అసలు కలవడం లేదు

పెన్నా_గట్టు:
మైపాడు బీచి నుంచి తెల్లవారుజామున 4:45కి, 10×50 బైనాక్యులర్‌తో చూస్తున్నాను. తోకచుక్క తూర్పున 12 డిగ్రీల ఎత్తులో ఉంది. అక్కడ నెట్ సరిగా అందదు కాబట్టి స్టెల్లేరియంలో (ఆకాశాన్ని తెర మీద చూపే సాఫ్ట్‌వేర్) కక్ష్య అంకెలు ముందే ఇంట్లో చేత్తో ఎక్కించాను. పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే) తేదీని జూలియన్ డేగా, అంటే ఖగోళ లెక్కల్లో వాడే వరుస రోజు అంకెగా, నేనే మార్చాను. వెలుగు అంకెలు జేపీఎల్ (నాసా ల్యాబ్) పేజీలోవి: ఎం1 (అసలు వెలుగు) 7.5, కే1 (సూర్యుడి దూరంతో వెలుగు మారే జోరు) 10. ఈరోజుకి సూర్యుడి నుంచి దూరం 0.6 ఏయూ (సూర్యుడికి భూమికి మధ్య సగటు దూరం ఒక ఏయూ), మన నుంచి 0.9 ఏయూ.

తేడాలు రెండు. సాఫ్ట్‌వేర్ చూపిన చోటికి డిగ్రీకి కాస్త తక్కువ దూరంలో, అది కదిలే దారిలోనే వెనకబడి కనబడుతోంది. ఇక వెలుగు 1.7 అంటోంది (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). 1.7 అయితే ఉత్త కంటికి దబ్బున కనబడాలి కదా! బైనాక్యులర్‌లో కూడా మసక మరకలా ఉంది. పాత అంకెలేమో అనుకుని ఎపోక్ (ఆ అంకెలు ఏ తేదీవో) చూశాను, ఈ నెలదే.

వెలికొండ_నీడ:
వెనకబడిందన్నారే, జవాబు అందులోనే ఉంది. తోకచుక్క తన దారి మీదే ముందుకో వెనక్కో జరిగితే తప్పు కాలంలో ఉంటుంది, అంటే పరిహేళి సమయంలో. దారికి అడ్డంగా పక్కకి జరిగితే కోణాల్లో వెతకాలి: కక్ష్య వాలు, ఆరోహణ పాతం, పరిహేళి కోణం. చివరి రెండూ ఒకదాని గడిలో ఒకటి వేయడం మామూలే, కానీ అప్పుడు తేడా డిగ్రీతో పోదు, చుక్క ఆకాశంలో ఇంకో మూలకి పోతుంది.

మీరు జూలియన్ డేలో సగం రోజు మరిచారని నా అనుమానం. ఆ లెక్కలో రోజు మధ్యాహ్నం మొదలవుతుంది, కాబట్టి అర్ధరాత్రికి .5 ఉండాలి. షుచిన్‌షాన్-అట్లాస్ (సీ/2023 ఏ3) పరిహేళి 2024 సెప్టెంబర్ 27.74. 27వ తేదీ 0 గంటలు అంటే 2460580.5, దానికి 0.74 కలిపితే 2460581.24. చాలామంది 2460580.74 అని వేసేస్తారు. అప్పుడు చుక్క సగం రోజు ముందే పరిహేళి దాటేసినట్టు లెక్క, కాబట్టి తెర మీద ముందుకు పోతుంది, ఆకాశంలో వెనకబడినట్టు ఉంటుంది.

ఎంత జరగాలో కూడా చూద్దాం. 0.6 ఏయూ దగ్గర ఇలాంటి తోకచుక్క వేగం సెకనుకు సుమారు 54 కిలోమీటర్లు. సగం రోజుకి 23.5 లక్షల కిలోమీటర్లు. 0.9 ఏయూ నుంచి చూస్తే అది మహా అయితే ఒక డిగ్రీ. మీరు చెప్పిన దానికి సరిపోయింది.

వెలుగు సంగతి ఇంకా సులువు. జేపీఎల్ వాళ్ళ కే1, స్టెల్లేరియం అడిగే స్లోప్ ఒకటి కావు. సూత్రం ఇది (హెచ్ అంటే మీ ఎం1, ఎన్ అంటే స్లోప్): వెలుగు = హెచ్ + 5 లాగ్(మన నుంచి దూరం) + 2.5 × ఎన్ × లాగ్(సూర్యుడి నుంచి దూరం). కే1 అంటే ఆ 2.5 × ఎన్ మొత్తం. స్టెల్లేరియంలో వేయాల్సింది ఒట్టి ఎన్, అంటే 4. మీరు 10 వేశారు, అది మళ్ళీ 2.5తో గుణించి 25 చేసింది. 7.5 − 0.23 − 5.55 = 1.7. ఎన్ 4 వేస్తే 7.5 − 0.23 − 2.22 = 5.05.

కనిగిరి_చీకటి:
లెక్క బాగుంది. కానీ 5.05 అని వచ్చినా మైపాడులో ఉత్త కంటికి కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. 12 డిగ్రీల ఎత్తులో చూపు నడినెత్తి మీదకంటే 4.7 రెట్లు గాలి దాటాలి. సముద్రం ఒడ్డున తేమ గాలికి ఒక్కో రెట్టుకి 0.35 పోతుందనుకుంటే మొత్తం 1.6 పోయినట్టే. స్టెల్లేరియం వాతావరణం సెట్టింగులో ఆ గుణకం మార్చుకోవచ్చు, తగ్గిన అంకె పక్కనే చూపిస్తుంది.

పైగా 5.05 అనేది మొత్తం వెలుగుని ఒక చుక్కలో కుదిస్తే వచ్చేది. అదే వెలుగు 10 నిమిషాల కోణం (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం, దానిలో 60వ వంతు ఒక సెకను) వెడల్పున్న కోమాలో, అంటే తోకచుక్క తల చుట్టూ ఉండే మసక మేఘంలో, పరిస్తే చదరపు సెకను కోణానికి 18.7, గాలి కోత కలిపితే 20.3. రొయ్యల చెరువుల లైట్లు, తెల్లారబోయే వెలుగు కలిసి దిగువ ఆకాశం అంతకంటే తెల్లగా ఉంటుంది. మైపాడులో దక్షిణం వైపు కృష్ణపట్నం వెలుగు కూడా ఉంటుంది, చుక్క ఆగ్నేయానికి వాలే రోజుల్లో అది అడ్డమే. అదే సాయంత్రం తోకచుక్క అయితే బీచికి పోనే పోకండి, పడమరంతా నెల్లూరు ఊరి వెలుగే.

హెచ్, ఎన్ కూడా శిలాశాసనాలేం కావు, అప్పటిదాకా వచ్చిన కొలతలకి గీసిన గీత మాత్రమే. ఊర్ట్ మేఘం నుంచి మొదటిసారి లోపలికి వచ్చేవి దగ్గరయ్యే కొద్దీ నీరసపడటం మామూలే. హెచ్ అలాగే ఉంచి ఎన్ 3 వేసి చూడండి, 5.6 వస్తుంది. ఐసాన్ (సీ/2012 ఎస్1) మీద ఎన్ని అంచనాలు! 2013 నవంబర్ 28న సూర్యుడి దగ్గరే చెదిరిపోయింది. అందుకే కొలవండి.

బైనాక్యులర్‌ని స్టాండుకి బిగించి తోకచుక్కని ఫోకస్‌లో చూసి, దాని సగటు తెల్లదనం గుర్తుపెట్టుకోండి. తర్వాత ఒక నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి, దాని మచ్చ కోమా అంత అయ్యేదాకా తిప్పి పోల్చండి. సిడ్జ్‌విక్ పద్ధతి అంటారు. ఒకటి ఎక్కువ వెలుగుది, ఒకటి తక్కువది కావాలి. 5.4, 6.2 నక్షత్రాల మధ్య పదింట నాలుగు వంతుల దగ్గర ఉందనిపిస్తే 5.4 + 0.32, అంటే 5.7. పోల్చే నక్షత్రాలు అదే ఎత్తులో ఉంటే గాలి కోత రెండిటికీ సమానం, విడిగా సవరణ అక్కర్లేదు. ఎర్ర నక్షత్రాలు వద్దు, కన్ను మోసపోతుంది.

మైపాడు_తూర్పు:
చోటుని కూడా కొలవాలనుకుంటే కెమెరా చాలు. 85 ఎంఎం లెన్సు, ట్రాకింగ్ లేకుండా 4 సెకన్లు, ఒక 30 ఫోటోలు. 4 మైక్రాన్ల పిక్సెల్ అయితే ఒక్కోటి 9.7 సెకన్ల కోణం. రోజుకి 3 డిగ్రీలు కదిలే తోకచుక్క నిమిషానికి 7.5 సెకన్ల కోణం జరుగుతుంది, కాబట్టి రెండు నిమిషాల ఫోటోలు కలిపినా ఒకటిన్నర పిక్సెలే సాగుతుంది. అంతకంటే ఎక్కువ కలిపితే నక్షత్రాల మీద కాకుండా తోకచుక్క మీద పేర్చాలి. అస్ట్రోమెట్రీ.నెట్ అనే సైటుకి ఎక్కిస్తే ఆకాశంలో స్థానాలు ఇస్తుంది.

దెబ్బ తినేది గడియారంతో. కెమెరా టైం రెండు నిమిషాలు తప్పితే 15 సెకన్ల కోణం పోయినట్టే. నెట్ అందుతున్నప్పుడు ఫోన్ గడియారాన్ని సెకన్లతో సహా అదే కెమెరాతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, తేడా తేలిపోతుంది. రాసేది ఎక్స్‌పోజర్ మధ్య సమయం, మొదలు కాదు. పోల్చేటప్పుడు హొరైజన్స్ (జేపీఎల్ వాళ్ళ స్థానాల లెక్క) పట్టికలో జే2000 (2000 సంవత్సరం నాటి అక్షంతో లెక్కించిన) నిలువు వరుసే చూడండి. ఈనాటి స్థానం వరుస చూస్తే భూమి అక్షం మెల్లగా తిరగడం వల్లే 21 నిమిషాల కోణం దాకా తేడా వస్తుంది. వెలుగు వరుసలు కూడా రెండుంటాయి, టీ-మాగ్ మొత్తానిది, ఎన్-మాగ్ కేంద్రకానిది. ఎన్-మాగ్ చూసి ఇంత మసకా అని వదిలేసినవాళ్ళు ఉన్నారు.

పెన్నా_గట్టు:
సగం రోజు తప్పే అన్నా! .5 కలిపి స్లోప్ 4 చేశాను, ఇప్పుడు చుక్క తెర మీద సరిగ్గా ఆ మరక మీదే కూర్చుంది, వెలుగు 5.05. మీరు చెప్పినట్టు పోలిస్తే నాకు 5.6 వచ్చింది. "అక్టోబర్ 5.20, 5.6, 10×50" అని నమోదు చేస్తే సరిపోతుందా?

కనిగిరి_చీకటి:
తేదీ తప్పు. 5వ తేదీ ఉదయం మన 4:45 అంటే యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) 4వ తేదీ రాత్రి 23:15, కాబట్టి అక్టోబర్ 4.97. కోమా వెడల్పు, మధ్యకి ఎంత గట్టిపడిందో 0 నుంచి 9 వరకు ఒక అంకె కూడా వేయండి. వెడల్పు తెలియాలంటే బైనాక్యులర్ కదపకుండా కోమా ముందు అంచు నుంచి వెనక అంచు వరకు చూపు వలయం గట్టు దాటే సెకన్లు లెక్కపెట్టి 15తో, తర్వాత క్రాంతి (ఖమధ్యరేఖ నుంచి చుక్క ఎన్ని డిగ్రీలు ఉత్తరానికో దక్షిణానికో ఉందో ఆ కోణం) కొసైన్‌తో గుణించండి. ఖమధ్యరేఖ దగ్గర 40 సెకన్లు పడితే 600 సెకన్ల కోణం, అంటే 10 నిమిషాలు.