అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లకు ఆరు ఉత్తరాలు రాశాను, ఒక్క జవాబూ రాలేదు

మలక్‌పేట తాతయ్య:
నిరుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఐదు నెలలున్నాను. మనవడి పక్కన కూర్చుని చూసీ చూసీ నాకూ బేస్‌బాల్ పిచ్చి పట్టింది. తిరిగొచ్చేటప్పుడు వాడు పాత ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు ఆరు నా చేతిలో పెట్టి, "తాతా, నీ చేతిరాత బాగుంటుందిగా, వీళ్ల సంతకాలు తెప్పించు" అన్నాడు. ఉత్తరం రాసి, కార్డు పెట్టి, తిరుగు కవరు మీద నా అడ్రసు రాసి, దానికి మన స్టాంపులు అంటించి అబిడ్స్ జీపీఓలో వేశాను. ఏడు నెలలైంది. పోస్ట్‌మ్యాన్ నన్ను చూస్తే సందు మార్చేస్తున్నాడు.

తార్నాక కార్డులు:
తాతయ్య గారూ, చిక్కంతా ఆ తిరుగు కవరుదే. మన స్టాంపు అక్కడి డబ్బాలో చెల్లదు. పాపం ఆ పాత ఆటగాడు సంతకం చేసినా కవరు కదలదు. నేనూ మొదట్లో నాలుగు కార్డులు ఇలాగే పోగొట్టుకున్నాను. అందులో ఒకటి బాబీ రిచర్డ్‌సన్‌ది. 1960 వరల్డ్ సిరీస్‌లో, అంటే అక్కడి బేస్‌బాల్ ఫైనల్లో, ఆయన జట్టు యాంకీస్ ఓడిపోయినా ఉత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే ఇచ్చారు. ఓడిన జట్టు నుంచి అది అందుకున్నది ఆయనొక్కడే. "ఆ రోజు సంతోషించారా, ఏడ్చారా?" అని రాశాను. జవాబు రాసే ఉంటాడని ఇప్పటికీ నా నమ్మకం.

అమెరికా పోస్టల్ వాళ్ల గ్లోబల్ ఫరెవర్ స్టాంపు గుండ్రంగా ఉంటుంది. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల దాకా బరువున్న ఉత్తరానికి అదొక్కటి చాలు. ధర పెరిగినా పాతది చెల్లుతుంది. కార్డుకి గట్టి ప్లాస్టిక్ తొడుగు మాత్రం పెట్టకండి, పల్చటి అట్టముక్క చాలు. ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అని ఇంకొకటుంది కానీ, ఎనభై దాటిన మనిషిని దాన్ని ఇచ్చి స్టాంపు తీసుకోవడానికి పోస్టాఫీసు లైన్లో నిలబెడతామా?

మీకైతే ఇవేవీ అక్కర్లేదు. తిరుగు కవరు మీద మీ అబ్బాయి అడ్రసు రాసి, అక్కడి మామూలు ఫరెవర్ స్టాంపు అంటించండి.

ఇంకోటి. మెరిసే కార్డు మీద షార్పీ మార్కర్ పెన్ను సిరా నిలవదు, బొట్లు బొట్లుగా విడిపోతుంది. పంపేముందు దూది మీద చిటికెడు పిల్లల పౌడరు వేసుకుని మెల్లగా రుద్దండి, ఆ జిడ్డు మెరుపు పోతుంది. మా ఆవిడ చూసి, "కార్డుకి కూడా స్నానం చేయించావా?" అంటుంది.

కోఠి కుర్రాడు:
ఇంత టెన్షన్ ఎందుకు సార్? సంతకం చేసిన కార్డులు ఆన్‌లైన్లోనే కొనుక్కోవచ్చుగా.

తార్నాక కార్డులు:
కొనచ్చు తమ్ముడూ. కానీ దాని మీద ఆ మనవడి పేరు ఉండదుగా.

మలక్‌పేట తాతయ్య:
చాలా థాంక్స్ బాబూ. ఒక్క డౌటు. పాత కార్డులు వాళ్ల బల్లల మీదే పడి ఉండొచ్చు కదా? అందుకే ఈసారి కార్డు పెట్టడం లేదు. "తప్పు స్టాంపు పెట్టాను, క్షమించండి" అని నాలుగు లైన్లు, మా అబ్బాయి అడ్రసుతో కొత్త కవరు, అంతే. ఫరెవర్ స్టాంపులు మా కోడలి చెల్లెలు వచ్చే వారం తెస్తోంది.