బరంపురంలో సిటీ బస్సు సేవను ఎలా కొలవాలి? తెలిసినవారు చెప్పండి

నమస్కారమండీ. మాది ఒడిశాలోని బరంపురం. అమ్మను నెలనెలా సిటీ బస్సులోనే ఆసుపత్రికి తీసుకెళ్తాను. ఒకరోజు ఐదు నిమిషాల్లో బస్సు దొరుకుతుంది, ఇంకోరోజు ముప్పావు గంట ఎండలో నిలబడాలి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ పడే అవస్థ చూడలేకపోతున్నాను. లెక్కలు తీసి అధికారులకు అర్జీ పెడదామని మా వీధివాళ్లం అనుకున్నాం.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల్లో సగటు నిరీక్షణ 4 నిమిషాల లోపైతే మొదటి స్థాయి, 10 దాటితే నాలుగోది, అంటే అట్టడుగుది. నా సందేహం ఇక్కడే. గంటకు ఆరు బస్సులు సమానంగా వస్తే సగటున 5 నిమిషాలు ఆగితే చాలు. అవే రెండేసి జంటగా వచ్చి, మధ్యలో 20 నిమిషాలు ఖాళీగా ఉంటే నిరీక్షణ 10 అవుతుంది. బస్సుల సంఖ్య మాత్రం మారదు! మరి ఈ తేడా అర్జీలో ఎలా చూపించాలి?

స్టాపులో ఎన్ని రోజులు, ఏ వేళల్లో టైము రాసుకోవాలి? ప్రయాణికుల అభిప్రాయాలకు, సేవల నాణ్యతను కొలిచే 1988 నాటి సర్వ్‌క్వాల్ ప్రశ్నావళిలోని 22 ప్రశ్నలు పనికొస్తాయా? మెట్ల ఎత్తు, కండక్టర్ మాటతీరు కూడా అడగాలని ఉంది. ప్రశ్నలు ఒడియాలోనూ తెలుగులోనూ పెడతాం. ఇలాంటి సర్వే చేసినవారుంటే దయచేసి చెప్పండి.