“విమాన చోదకుడు” సరిపోతుందా?

ప్రశ్న: 1946 విదేశీయుల చట్టంలోని 6వ సెక్షన్‌ని తెలుగు చేస్తున్నాను. ఓడకైతే మాస్టర్, విమానానికైతే పైలట్, తమ ప్రయాణికుల్లోనూ సిబ్బందిలోనూ ఉన్న విదేశీయుల వివరాలు రాసివ్వాలని అందులో ఉంది. నౌకాధిపతి, విమాన చోదకుడు అని పెట్టాను. విశాఖలో ఓడల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, చూసి చెప్పండి.

జవాబు: నౌకాధిపతి అంటే ఓడ యజమాని అనుకునే ప్రమాదం ఉంది. అది పెద్ద ఇబ్బంది కాదు. చోదకుడు మాత్రం వద్దండి. చోదకుడంటే నడిపేవాడు. చట్టానికి కావలసింది జవాబు చెప్పాల్సిన మనిషి.

ఈ తేడా మన పోర్టులో రోజూ కనిపిస్తుంది. బయట లంగరేసిన ఓడ లోపలికి రావాలంటే పోర్టు పైలట్ ఎక్కుతాడు. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలవ గుండా లోపలి హార్బరుకి దారి చెప్పేది ఆయనే. అయినా ఓడ బాధ్యత మాస్టర్‌దే. అంటే పోర్టులో పైలట్ వేరు, ఓడకి పెద్ద వేరు. ఎయిర్‌పోర్టుకి వెళ్తే ఆ పైలట్ అన్న మాటే విమానానికి పెద్దకి వాడతారు. అక్కడ కూడా కాక్‌పిట్‌లో ఇద్దరుంటారు. దింపింది కోపైలట్ అయినా బాధ్యత పైలట్-ఇన్-కమాండ్‌దే.

ఇంకో చిక్కు. ఆ వివరాలిచ్చే పనికి మాస్టరో పైలటో అధికారమిచ్చిన మనిషి కూడా ఈ మాటల కిందికే వస్తాడని అదే సెక్షన్ చెబుతుంది. అంతర్జాతీయ విమానాలకి వాడే జనరల్ డిక్లరేషన్ అనే ప్రకటన పత్రం నమూనాలో కూడా పైలట్-ఇన్-కమాండ్ గానీ, ఏజెంట్ గానీ సంతకం పెట్టొచ్చు. కౌంటర్ వెనక కూర్చుని కాగితాలు చూసే ఏజెంటుని చోదకుడని ఎలా అంటాం?

మన తీరంలో మత్స్యకారులకి తండేలు అనే మాట ఉంది. పడవకీ, అందులోని మనుషులకీ పెద్ద. అర్థం అచ్చంగా సరిపోతుంది, నాకెంతో ఇష్టమైన మాట కూడా. కానీ విమానానికి అతకదు. విమాన కెప్టెన్ అని రాయండి. అందరికీ తెలుసు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. చోదకుడు అంటే మహిళా కెప్టెన్లని ఏమని రాస్తారు?

మరొకరు: ఆ చట్టం రద్దయింది కదండీ?

జవాబు: అవును. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1920 పాస్‌పోర్టు ప్రవేశ చట్టం, 1939 విదేశీయుల నమోదు చట్టం, 1946 చట్టం, 2000లో వచ్చిన క్యారియర్ల (అంటే ప్రయాణికుల్ని చేరవేసేవాళ్ల) బాధ్యత చట్టం, నాలుగూ పోయాయి. పాత పాఠం అనువాదానికి కెప్టెన్ చాలు. కొత్త చట్టంలో ప్రయాణికుల, సిబ్బంది జాబితాలూ ముందస్తు సమాచారమూ ఇవ్వాల్సింది క్యారియర్.

ప్రశ్నించినవారు: కెప్టెన్ అని మార్చేస్తానండి, థాంక్స్. మరి క్యారియర్‌కి వాహకుడు అనొచ్చా?

జవాబు: వద్దు, రోగ వాహకుడు గుర్తొస్తుంది. రవాణా సంస్థ అందామంటే, క్యారియర్ ఒక్క మనిషి కూడా కావచ్చు. రవాణాదారు అనండి. హక్కుదారు, గుత్తేదారు లాగే మనిషికీ కంపెనీకీ రెండింటికీ నప్పుతుంది.