అప్‌డేట్: అమ్మకి ఆపరేషన్ కన్నా ముందు కీమో ఎందుకో తెలిసింది

అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక, గడ్డ తీసేయకుండా ముందు కీమో అంటున్నారేంటి అని అడిగాను కదా. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.

బయాప్సీ రిపోర్టులో హెర్2 (క్యాన్సర్ కణాలు పెరగడానికి తోడ్పడే ఒక ప్రోటీన్) దగ్గర 2+ అని ఉంది. ఆ స్కోరుతో పాజిటివో నెగెటివో తేలదట. హెర్2 జన్యువు కాపీలు ఎక్కువగా ఉన్నాయా అని చూసే ఫిష్ టెస్టుకి పంపితే పాజిటివ్ వచ్చింది. అందుకే కీమోతో పాటు హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తున్నారు. ముందే మందులిచ్చి గడ్డ చిన్నదైతే, రొమ్ము మొత్తం కాకుండా గడ్డవరకే తీసే వీలుంటుంది. అంతకన్నా ముఖ్యం, ఆపరేషన్‌లో తీసిన ముక్కలో క్యాన్సర్ మిగిలిందా లేదా అన్నదాన్ని బట్టి తర్వాతి మందు మారుతుంది. ఈ ఒక్క మాట మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే మాకు సగం టెన్షన్ తగ్గేది.

గడ్డ పూర్తిగా కరిగిపోయినా సర్జన్‌కి చోటు తెలియాలని, లోపల బియ్యపు గింజంత కూడా లేని మెటల్ క్లిప్ పెట్టారు. ట్రాస్టుజుమాబ్ వల్ల గుండె బలహీనపడే అవకాశం ఉంది కాబట్టి మధ్యమధ్యలో ఎకో (గుండె స్కాన్) తీస్తున్నారు. ఇప్పటివరకు బాగానే ఉంది.

జుట్టు ఊడకముందే అమ్మ నాతో కత్తిరించుకుంది. గడ్డ ఇప్పుడు చేతికి సరిగా తగలడం లేదు. గడ్డవరకే తీస్తే తర్వాత రేడియేషన్ ఉంటుందన్నారు, అమ్మ సరేనంది. ఆపరేషన్ సంక్రాంతి అయ్యాక. రిపోర్టు రాగానే మళ్లీ రాస్తాను.