చార్మినార్ ముందు మనిషి స్పష్టంగా, జనం మసకగా: ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా తీయగలమా?

సందేహం:
అందరికీ నమస్కారం. చార్మినార్ ముందు మా మిత్రుడు కదలకుండా నిలబడి ఉండగా, చుట్టూ జనం పొగలా సాగిపోతున్నట్టు ఒక ఫోటో తీయాలని ఉంది. నా దగ్గర 18–55 కిట్ లెన్సు, తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి గానీ ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సులోకి వచ్చే వెలుతురును తగ్గించే నల్లటి గాజు) లేదు. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుకు స్పందించే స్థాయి) 100 పెట్టి, ఎపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/22 దాకా మూసినా షట్టరు 1/50 సెకను దగ్గరే ఆగిపోతోంది. విడివిడి ఫ్రేములను కలిపి ఆ మసకను రాబట్టవచ్చునా?

సమాధానం:
రాబట్టవచ్చు గానీ, ఆ ఎండలో వద్దు. 1/50 సెకనులో నడిచే మనిషి మూడు సెంటీమీటర్లకు మించి కదలడు కాబట్టి, అలాంటి ఫ్రేములు ముప్పై కలిపినా ధారలా సాగిన మసకకు బదులు ఒకరి మీద ఒకరు పడిన నీడమనుషులే కనిపిస్తారు. పైగా ఎఫ్/22 దగ్గర డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్ల కట్టడం మీది నగిషీ కూడా మెత్తబడుతుంది. సూర్యుడు అస్తమించి వెలుతురు తగ్గేదాకా ఆగితే అదే ఐఎస్ఓ 100, ఎఫ్/16 దగ్గర షట్టరు సుమారు అర సెకనుకు వస్తుంది. ఒక్కొక్క ఫ్రేములోనే జనం సాగినట్టు పడతారు కనుక, పది పన్నెండు ఫ్రేములను సగటు తీస్తే చాలు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ రెండింటినీ మాన్యువల్‌లో బిగించి, ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు లెన్సు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపివేయండి.

అడిగినవారు:
అర సెకను పాటు మా మిత్రుడు కదలకుండా ఉండలేడు. ముఖం మసకబారితే ఫోటోకు అర్థమే ఉండదు కదా?

సమాధానం:
అందుకే ఆయనను వేరుగా తీయాలి. జనం ఫ్రేములు పూర్తి కాగానే, కెమెరాను కదపకుండా ఎఫ్/5.6, 1/60 సెకను, ఐఎస్ఓ 400కు మారిస్తే వెలుగు సరిగ్గా అంతే ఉంటుంది. వెనుక కట్టడం కొంత మెత్తబడినా, ఆ ఫ్రేము నుంచి మనం తీసుకునేది మనిషిని మాత్రమే. జనం ఫ్రేములు తీసేటప్పుడు కూడా ఆయన అదే చోట నిలబడి ఉండాలి. లేకపోతే కాళ్ల కింద నీడ ఉండదు, జనం ఆయనను తప్పుకుని నడిచిన ఖాళీ కూడా ఏర్పడదు. అతికించిన బొమ్మ అని చూసినవారు ఇట్టే పట్టేస్తారు.

మరొక సభ్యుడు:
పై సలహాకు ఒక చేర్పు. మిత్రుడి ఫ్రేమును సగటు బొమ్మ మీద పెట్టాక, అందులో ఏ భాగం కనిపించాలో నిర్ణయించే మాస్కును మనిషి చుట్టూ కత్తిరించినట్టు గీయకండి. ముఖం, భుజాల దగ్గర పూర్తిగా తెరిచి, నడుము కిందికి వచ్చేకొద్దీ మెత్తని బ్రష్‌తో సగానికి తగ్గిస్తే, ఆయన ముందు నుంచి దాటిపోయినవారి మసక మోకాళ్ల మీదుగా సాగి, ఆయన నిజంగా జనం మధ్యలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ తరహా ఫోటోల్లో నేను మొదట చూసేది కాళ్లనే.

సగటు తీయడానికి ఉచితంగా దొరికే గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఫ్రేములను లేయర్లుగా పేర్చి, అడుగు లేయర్‌కు 100, దాని పైదానికి 50, ఆపైన 33, 25, 20 శాతం చొప్పున ఒపాసిటీ (లేయర్ ఎంత చిక్కగా కనిపించాలో చెప్పేది) తగ్గిస్తూ పోవాలి. 8 బిట్లలో ఈ లెక్క చేస్తే ఆకాశంలో చారలు పడే ప్రమాదం ఉంది కాబట్టి, మొదటే ప్రెసిషన్‌ను 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్, లీనియర్ లైట్‌కు మార్చుకోండి. తోపుడు బండ్ల బల్బులు కదులుతూ గీసిన వెలుగు గీతలు సగటులో వెలిసిపోతే, ఆ గీతలు పడిన ఫ్రేము ప్రతిని అన్నిటికన్నా పైన లైటెన్ మోడ్‌లో (పై, కింది లేయర్లలో ఎక్కువ వెలుగు ఉన్నదే కనిపించే పద్ధతి) పెట్టి, ఆ గీతలు ఉన్నచోట మాత్రమే మాస్కు తెరవండి. సగటుకు బదులు మీడియన్ (అన్ని ఫ్రేముల విలువల్లో నడిమిది) వాడే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకండి. అది కదిలేవారిని చెరిపేసి మీకు ఖాళీ వీధిని ఇస్తుంది.

అడిగినవారు:
ధన్యవాదాలు. ట్రైపాడ్‌కు ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సమాధానం:
చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కనుక లోపల ట్రైపాడ్ నిలపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. బయట దారిలో అయితే కాళ్లను తక్కువ వెడల్పులో ఉంచి, బరువుగా సంచి వేలాడదీసి, నడిచేవారికి అడ్డు లేని అంచున పెట్టుకోండి. షట్టరును చేత్తో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ వాడండి.