నవంబరులో అమ్మానాన్నలతో క్యోటో: ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

అన్నలకీ అక్కలకీ నమస్కారం. ఉద్యోగం మీద టోక్యో వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నవంబరు చివర్లో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. క్యోటోలో రెండు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. వీడియోల్లో చూస్తే ఒక్కరోజులో పది గుళ్లు తిరిగేస్తున్నారు. మా వల్ల అవుతుందా? రైల్ పాస్ తీసుకోవాలా? కాస్త దారి చూపండి.

*

ఒసాకా నుంచి:

తమ్ముడూ, ఆ పది గుళ్ల జాబితా పక్కన పెట్టెయ్. 794లో రాజధాని అయి వెయ్యేళ్లకు పైగా రాజధానిగానే ఉన్న ఊరు అది. రెండు రోజుల్లో తరిగేది కాదు. ఊరికి తూర్పున కొండవార ఉన్న హిగాషియామా ఒక్కటి తీరిగ్గా చూపించు. పెద్దవాళ్లు ఎక్కడైనా అరగంట కూర్చుంటామంటే కూర్చోనీ. క్యోటోలో ఆ కూర్చోవడం కూడా చూడటమే.

ముందు రైలు సంగతి. నీకు రెసిడెన్స్ కార్డు ఉంది కాబట్టి జపాన్ రైల్ పాస్ నీకు ఇవ్వరు. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి ఇస్తారు గానీ, ఏడు రోజుల పాస్ ధరని 2023 అక్టోబరులో 50,000 యెన్లకి పెంచేశారు. టోక్యో నుంచి రానూపోనూ షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్లు మనిషికి సుమారు 28,000 యెన్లే. కాబట్టి పాస్ దండగ, మామూలు టికెట్లు కొను. వాటిలో నొజోమి అనే వేగం రైలు అయితే రెండుంపావు గంటల ప్రయాణం. వెళ్లేటప్పుడు కిటికీ పక్కన ఉండే ‘E’ సీట్లు తీసుకుంటే, మబ్బు లేకపోతే కుడిపక్క ఫుజి పర్వతం కనిపిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్ద పెట్టెలు ఇంట్లోనే ఉంచండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సామానుకి ఆ రైల్లో ముందే చోటు రిజర్వు చేసుకోవాలి.

హిగాషియామాలోని కియోమిజుదేరా గుడి పొద్దున్న ఆరింటికే తెరుస్తారు. ఎర్రబడిన మేపుల్ ఆకులు చూడటానికి దేశమంతా అక్కడికి వచ్చే రోజులవి. తొమ్మిది దాటాక వెళ్తే జనం తలలే కనిపిస్తాయి. వెలుగు రాగానే చేరిపోండి. టాక్సీని వీలైనంత పైదాకా వెళ్లమను. చివర కొంత ఎక్కుడు మాత్రం నడవక తప్పదు. కొండ అంచు మీదికి చొచ్చుకొచ్చిన 13 మీటర్ల ఎత్తు చెక్క వేదికని నాన్నగారికి కింది నుంచి కూడా చూపించు. ఒక్క మేకు లేకుండా దూలాలని ఒకదానిలో ఒకటి దూర్చి కట్టారు. ఇప్పుడున్న కట్టడం 1633 నాటిది. కిందికి వచ్చేటప్పుడు సన్నెన్‌జాకా రాతిమెట్లు వాన పడితే జారుతాయి, ఆయన చెయ్యి పట్టుకో.

అక్కణ్ణుంచి టాక్సీలో సంజూసంగెన్‌దోకి వెళ్లండి. ఆ రోజుల్లో తొమ్మిదింటికి తెరుస్తారు. ఏది మానేసినా ఇది మానొద్దు. 120 మీటర్ల పొడవున ఒకే చెక్క మందిరం, 1266లో తిరిగి కట్టింది. లోపల బౌద్ధుల కరుణామూర్తి అవలోకితేశ్వరుడి విగ్రహాలు 1001. వాళ్లు కన్నోన్ అంటారు. అమ్మగారిని ఆ వరసల ముందున్న 28 మంది పరివార దేవతల దగ్గర ఆపు. వాళ్లలో బ్రహ్మ ఉన్నాడు, ఇంద్రుడు ఉన్నాడు. మన గరుత్మంతుడు ముక్కూ రెక్కలతో నిలబడి పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా ఇంత దూరం వచ్చిన దేవుళ్లు వీళ్లు. పేరు చెప్పకుండా ముందు ఆవిడనే పోల్చుకోనియ్యి. ఫొటోలు తియ్యనివ్వరు, అదీ మంచిదే. నేల చదునే కాబట్టి మోకాళ్లకి ఇబ్బంది ఉండదు గానీ చెప్పులు విప్పాలి, ఆ చెక్క నేల మంచులా ఉంటుంది. మందపాటి సాక్సులు వేయించు.

ఫుషిమి ఇనారి గుడికి టికెట్ లేదు, వేళా లేదు. క్యోటో స్టేషన్ నుంచి నారా లైన్‌లో రెండో స్టేషన్, లోకల్ రైళ్లే ఆగుతాయి. ఎర్రటి తోరణ ద్వారాల మొదటి వరస దాటి వెనక్కి వచ్చేయండి, కొండ పైదాకా అక్కర్లేదు. బంగారు మందిరం కింకాకుజిని ఈసారికి వదిలెయ్యమంటాను. 1950లో కాలిపోతే 1955లో మళ్లీ కట్టారు. అందంగానే ఉంటుంది, కానీ ఊరికి వాయవ్య మూలన ఉంది. కిక్కిరిసిన బస్సులో నాన్నగారిని అంతసేపు నిలబెట్టాల్సి వస్తుంది.

బస్సుకి మాత్రమే ఉండే రోజు పాస్ ఇప్పుడు లేదు. సబ్‌వే, బస్సు కలిపి 1,100 యెన్ల పాస్ ఉంది. ముగ్గురే కాబట్టి దగ్గర దూరాలకి టాక్సీయే నయం. సాయంత్రం ఐదుకల్లా చీకటి పడుతుందని గుర్తుపెట్టుకో.

గియోన్ పేటలో మాయికోలు (గెయిషా విద్య నేర్చుకుంటున్న అమ్మాయిలు) కనిపిస్తే దారి ఇవ్వండి, ఫోన్ ఎత్తొద్దు. వాళ్లు పనికి వెళ్తున్న పిల్లలు. అక్కడి ప్రైవేటు సందుల్లోకి వెళ్తే 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టారు. సందర్శకులు మీద పడి విసిగిస్తే పెట్టుకున్న నియమం అది. మనవాళ్లెవరూ దాన్ని దాటకూడదని నా కోరిక.

*

క్యోటో నుంచి:

నాయనా, తిండి సంగతి నేను చెప్తాను. చేప ముక్క కనిపించకపోయినా మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారులో, కూరల్లో, నూడుల్స్ రసంలో కత్సువో దాషి ఉంటుంది. అది ఎండు చేప నీళ్లు. "వెజిటేరియన్" అంటే చాలామందికి మాంసం లేకపోతే చాలని లెక్క. అందుకని నికు (మాంసం), సకానా (చేప), తమాగో (గుడ్డు), కత్సువో దాషి వద్దని జపనీస్‌లో ఫోన్‌లో రాసి పెట్టుకుని, కూర్చోకముందే చూపించు.

ఒక పూటైనా షోజిన్ ర్యోరి తినిపించు. బౌద్ధ సన్యాసుల భోజనం, ఉల్లీ వెల్లుల్లీ కూడా పడవు. కార్తీకంలో ఉల్లి మానేసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! అరషియామాలో తెన్ర్యూజి గుడి ఆవరణలోనే షిగెత్సు అని ఉంది. నాన్‌జెన్‌జి గుడి దగ్గర యుదోఫు కూడా బావుంటుంది, వేడి నీళ్లలో ఉడికే మెత్తటి తోఫు (సోయా పాల పనీర్ లాంటిది). నంచుకునే పులుసులో మాత్రం చేప ఉండొచ్చు, ఉత్త సోయా సాస్ అడుగు.

రాత్రికి కన్‌బినీలో (కన్వీనియన్స్ స్టోర్) ప్యాకెట్ అన్నం కొని వాళ్ల మైక్రోవేవ్‌లోనే వేడి చేయించుకో. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ, చిన్న సీసాలో నెయ్యి తీసుకెళ్లు. రోజంతా తిరిగొచ్చాక అమ్మానాన్నలు అడిగేది అదే.