పీఎల్ఎఫ్ఎస్ 2022-23: పురుషుల శ్రామిక భాగస్వామ్య రేటు సరిపోతోంది, స్త్రీలది ఎందుకు తగ్గుతోంది?

ఆర్థికాభివృద్ధి క్రమంలో స్త్రీల శ్రామిక భాగస్వామ్యం మొదట తగ్గి, చదువులు పెరిగాక మళ్లీ లేస్తుందని ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ వివరించిన యూ ఆకారపు వక్రరేఖను మన దేశపు గణాంకాలతో పరీక్షించాలని పీఎల్ఎఫ్ఎస్ (ప్రభుత్వం జరిపే శ్రామిక శక్తి సర్వే) 2022-23 వ్యక్తిగత స్థాయి డేటాను స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. అసలు పని మొదలుకాకముందే చిక్కొచ్చిపడింది. పదిహేనేళ్లు దాటినవారిలో ప్రచురిత రేటు పురుషులకు 78.5, స్త్రీలకు 37.0 శాతం. నాకు పురుషుల అంకె దాదాపు సరిగ్గా వస్తుండగా, స్త్రీలది మాత్రం చాలా తక్కువగా వస్తోంది.

సర్వేవారు ఇంటికి మొదటిసారి వెళ్లినప్పటి రికార్డులనే తీసుకున్నాను. డేటాలో నమూనా లెక్కలుండే ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ గడులు సమానమైతే గుణకాన్ని (ఒక్కో వ్యక్తికిచ్చే బరువును) 100తో, కాకపోతే 200తో భాగించాను. త్రైమాసికాల సంఖ్యతోనూ భాగించి చూశాను, ఫలితం మారలేదు. ప్రధాన స్థితిలో, అంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఉన్న స్థితిలో, 11 నుంచి 51 వరకు ఉన్న సంకేతాలను (పని చేస్తున్నవారు), 81ని (నిరుద్యోగులు) శ్రామిక శక్తిగా లెక్కించాను. అనుబంధ స్థితిని, అంటే దానితోపాటు కొంతకాలం చేసిన పనిని, కూడా కలిపాననే అనుకుంటున్నాను గానీ, ప్రధాన స్థితిలో 92, అంటే ఇంటిపని, అనుబంధ స్థితిలో 21, అంటే కుటుంబ సేద్యంలోనో వ్యాపారంలోనో జీతం లేని సాయం, అని ఉన్న స్త్రీల వరుసలను విడిగా తెరిచి చూస్తే నా చలరాశిలో వారికి సున్నాయే పడుతోంది.

ఇలాంటివారిని చేర్చడానికి సర్వే ప్రశ్నావళి 5.1 బ్లాకులో అనుబంధ పని ఉందా అని అడిగే అవును-కాదు గడిని ఆధారం చేసుకోవాలా, 5.2లోని అనుబంధ స్థితి సంకేతాన్నా?